రెండువందల తొంభై ఆరున్నర

ఆరో నంబరు హాపర్ మీద మంగళవారం పొద్దుటి నుంచీ నీళ్ళు కొడుతూనే ఉన్నారు.

హాపర్ అంటే ముగ్గురు మనుషుల ఎత్తు ఇనప గరాటు. బాయిలర్ పొగలోంచి రాలిన బూడిద అందులో పడి, అడుగున గొట్టాల్లోకి పోవాలి. ఆరో నంబరులో పోలేదు. గొంతు దగ్గర గడ్డకట్టింది. పైదాకా నిండిపోయింది. యూనిట్ ఆపేశారు. ఇప్పుడు పక్కనున్న తలుపు పన్నెండు బోల్టులూ విప్పి, కారినంత కారనిచ్చి, మిగిలినదాన్ని మనుషులు లోపలికి దూరి పారలతో తోడాలి. మనుషులంటే కాంట్రాక్టు మనుషులు. పర్మినెంటు వాళ్ళు ఆ తలుపు దగ్గరకి రారు. దూరంగా నిలబడి వాచీ చూసుకుంటారు.

మైలవరం రోడ్డు మీది ఆ ప్రైవేటు కరెంటు ప్లాంటులో తలుపు ఎప్పుడు తీయాలో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి. గ్యాంగులో పాతకాపు ఎవరో ముందుకొచ్చి హాపర్ రేకు మీద చెయ్యి తిరగేసి ఆనిస్తాడు. పైకి వినబడేలా పది లెక్కపెడతాడు. పదిదాకా చెయ్యి తీయకుండా ఉండగలిగితే లోపల చల్లారినట్టు. పదహారేళ్ళుగా ఆ చెయ్యి ఆమోసుది.

ఆమోసు పెళ్ళాం శౌరమ్మ అదే ప్లాంటులో ల్యాబు హెల్పరు. గంటగంటకీ బొగ్గు, బూడిద, నీళ్ళు డబ్బాల్లో పట్టుకొచ్చి తూచడం, రిజిస్టరు రాయడం, గిన్నెలు కడగడం ఆమె పని. టెన్త్ పాసు కాని వాళ్ళని జూన్ నుంచి ల్యాబులో ఉంచరని సర్క్యులర్ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఓపెన్ స్కూలు పరీక్షకి కట్టింది. ఇంకో పన్నెండు రోజుల్లో సైన్సు పేపరు.

బుధవారం మధ్యాహ్నం క్యారియరు మూత మీద మామిడికాయ పచ్చడి ముద్ద పెట్టుకుని, పక్కన నోటుబుక్కు తెరిచి కూర్చుంది. ఎదురుగా కెమిస్టు సుస్మిత. ఇరవై ఆరేళ్ళ పిల్ల, గుడివాడ నుంచి వచ్చి కొండపల్లిలో గది తీసుకుని ఉంటోంది.

"మేడమ్, నీళ్ళకి ఒకటి. ఇనుముకి సున్నా పాయింట్ ఒకటి ఒకటి. నీళ్ళకెందుకండీ అంత పొగరు?"

"పొగరు కాదమ్మా, ఓపిక." సుస్మిత పెరుగన్నం కలుపుతూ నవ్వింది. "ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కెలోరీ తాగాలి. అదే ఇనుముకి పదోవంతు చాలు. వెంటనే కాలిపోతుంది."

"మా సూపర్‌వైజరు లాగా."

"ష్. గోడలకి చెవులుంటాయి. చూడు, వేడి వస్తువుని చల్లటి నీళ్ళలో వేశావు. వస్తువు పోగొట్టుకున్న వేడి ఎంతో నీళ్ళు సంపాదించిన వేడి అంత. పోయింది ఈ పక్కన రాయి, వచ్చింది ఆ పక్కన రాయి. రెండూ సమానం. తెలియనిది ఒక్కటే మిగులుతుంది. నాలుగు మార్కులు."

"పోయింది ఎక్కడికీ పోదన్నమాట."

"పోదు. ఎవరో ఒకళ్ళ మీద పడుతుంది."

ఆ మాట సుస్మిత మామూలుగానే అంది. శౌరమ్మ మామూలుగానే రాసుకుంది. మూడు లెక్కలు చేస్తే రెండు తప్పు వచ్చాయి. రెండింట్లోనూ ఒకటే తప్పు. వస్తువు ఏదైనా సరే నీళ్ళ అంకె ఒకటే వేసేస్తోంది. సుస్మిత ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, గోడ మీద అంటించిన పట్టిక వైపు చూపించింది. "ఏ వస్తువుకి ఆ అంకె. అది చూడకుండా పెన్ను పట్టుకోకు. రేపు నేను ఉండను. విజయవాడ ఆఫీసుకి వెళ్తున్నా. ఆరో నంబరు బూడిదలో కాలని బొగ్గు ఎంతుందో చూడాలి. రేపు పన్నెండింటికి ఒక కిలో శాంపిల్ తీసి ఉంచు."

భోజనం అయ్యాక శౌరమ్మ రిజిస్టరు తీసింది. హాపర్ల వేడి ఎంతో మీటరు చూసి సూపర్‌వైజరు రామకోటేశ్వరరావు చీటీ మీద రాసి పంపుతాడు. ఆమె ఎక్కిస్తుంది. ఆరో నంబరు, యాభై ఎనిమిది. ఎక్కించింది. అందంగా, గీత దాటకుండా.

*

గురువారం ఎండ నలభై రెండు. బూడిద ఫ్లోరు మీద రేకుల కప్పు కింద మాత్రం నీళ్ళే నీళ్ళు. గొట్టం పట్టుకుని బసవయ్య హాపర్‌కి స్నానం చేయిస్తున్నాడు. రేకు మీంచి మొదట్లో లేచిన ఆవిరి ఇప్పుడు లేవడం లేదు. నల్లగా, తడిగా, ఈతకొట్టి ఒడ్డెక్కిన గేదెలా నిలబడి ఉంది ఆరో నంబరు.

"అక్కా, నీళ్ళు కావాలా? చల్లగున్నాయి. మీ ఆయన కంటే చల్లగా," అన్నాడు బసవయ్య.

"నోరు ముయ్యరా సచ్చినోడా," అని శౌరమ్మ నిచ్చెన ఎక్కింది.

హాపర్ నడుము దగ్గర గుప్పెడంత కన్నం ఉంటుంది, మూతతో. పొడుగు గొట్టం గరిటె లోపలికి తోసి, తిప్పి, లాగాలి. తోసింది. మెత్తగా దిగింది. లాగి ఇనప డబ్బాలో కుమ్మరించింది. బూడిద ఎప్పటిలాగే ఉంది. తెలుపూ కాదు, నలుపూ కాదు. వేడి బూడిదకీ చల్ల బూడిదకీ రంగులో తేడా ఉండదు. నిప్పయితే ఎర్రగా బెదిరిస్తుంది. ఇది బెదిరించదు.

డబ్బా మూత పెట్టి, "హా-6, గురు, 12" అని రాసిన కాగితం ముక్క జిగురుతో అంటించి, మిషన్లు తుడిచే కాటన్ వేస్టులో చుట్టి తీగబుట్టలో పెట్టుకుంది. ల్యాబుకి అయిదు నిమిషాల నడక. సగం దారిలో ఏదో మాడిన వాసన. ఎవరో తారు కాస్తున్నారనుకుంది. ల్యాబులో బల్ల మీద డబ్బా పెట్టి కాటన్ వేస్టు విప్పింది. అది గోధుమరంగుకి తిరిగింది. కాగితం ముక్క అంచులు నల్లబడి ముడుచుకుపోయి ఉన్నాయి.

శౌరమ్మ ఆ కాగితం వైపు చూస్తూ నిలబడింది. యాభై ఎనిమిది డిగ్రీలకి కాగితం మాడుతుందా? యాభై ఎనిమిది అంటే టీ. కాస్త ఆరిన టీ. టీ గ్లాసుకి చుట్టిన కాగితం మాడగా ఆమె ఎన్నడూ చూడలేదు.

మూడింటికి తలుపు తీస్తారు. పొద్దున బస్సులో ఆమోసు చెప్పాడు. తలుపుకి ఎదురుగా నిలబడి ఆఖరి బోల్టు తీసేది అతనే.

చుట్టూ చూసింది.

సెల్లు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు పెట్టించుకుంటారు. సుస్మిత లేదు. ల్యాబులో ఫోను లోపలి నంబర్లకే. ల్యాబులో ఉన్నవి తూకం, థర్మామీటరు, స్టీలు గిన్నె, గోడ మీద పట్టిక. ఇంకా ఆమె.

ఏం చేస్తున్నానో అని ఆలోచిస్తే చేతులు ఆగిపోతాయని ఆలోచించలేదు. డబ్బా తూచింది. డబ్బా బరువు తీసేస్తే బూడిద సరిగ్గా కిలో వచ్చేదాకా చెంచాతో కొంచెం తీసి అవతల పోసింది. కుండలో నీళ్ళు కొలజాడీతో అయిదు లీటర్లు గిన్నెలో పోసింది. థర్మామీటరు పెట్టింది. ముప్పై ఒకటి. కళ్ళద్దాలు పెట్టుకుని, మొహం పక్కకి తిప్పి, పట్టకారుతో డబ్బా వంచింది.

చుయ్‌మని గిన్నె అరిచింది. నీళ్ళు చిట్లి ముంజేతి మీద పడ్డాయి. తెల్లటి ఆవిరి లేచి కళ్ళద్దాలని కప్పేసింది. శౌరమ్మ రెండడుగులు వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, గాజుకడ్డీతో కలిపింది. థర్మామీటరులో పాదరసం పాకుతోంది. ముప్పై అయిదు. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. ఆగింది.

నోటుబుక్కు తెరిచింది. పెన్ను వణుకుతుంటే ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుంది.

నీళ్ళకి వచ్చింది: అయిదు వేల గ్రాములు, పది డిగ్రీలు. యాభై వేల కెలోరీలు. బూడిదకి పోయింది: వెయ్యి గ్రాములు, ఇన్ని డిగ్రీలు. యాభై వేలని వెయ్యితో భాగిస్తే యాభై. నలభై ఒకటికి యాభై కలిపితే తొంభై ఒకటి.

తొంభై ఒకటి!

ఊపిరి వదిలింది. యాభై ఎనిమిది కాకపోయినా తొంభై ఒకటే. మరిగే నీళ్ళ కంటే తక్కువ. కాలుద్ది గానీ చంపదు. ఇంకో పూట ఆగమని చెప్పొచ్చు. స్టూలు మీద కూలబడి చెంగుతో మొహం తుడుచుకుంది. ఎదురుగా నోటుబుక్కులో నిన్నటి పేజీ. ఎర్ర సున్నాలు.

లేచి పట్టిక దగ్గరకి వెళ్ళింది. నీరు, ఒకటి. అల్యూమినియం. ఇనుము. ఇసుక. వేలు కిందికి జరుపుకుంటూ పోయింది. బూడిద, సున్నా పాయింట్ రెండు.

అయిదో వంతు.

అంటే బూడిద ఒక డిగ్రీ దిగితే నీళ్ళకిచ్చేది అయిదో వంతు వేడే. మరి అంత పిసినారి బూడిద, తనకి అయిదింతలున్న నీళ్ళని పది డిగ్రీలు ఎత్తిందంటే, అది ఎక్కడి నుంచి దిగొచ్చుండాలి? యాభై కాదు. అయిదు యాభైలు. రెండొందల యాభై. నలభై ఒకటి కలిపితే రెండొందల తొంభై ఒకటి.

శౌరమ్మ మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అదే వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక లెక్క తప్పయితే బాగుండునని మరియ తల్లికి మొక్కుకుంది.

గడియారం ఒంటిగంట పది.

*

గ్యాంగు నలుగురూ హాపర్ పక్కనే, తడి గచ్చు మీద గోతాం పరుచుకుని అన్నాలు తింటున్నారు. హాపర్ రేకుకి వీపు ఆనించి కూర్చున్నాడు ఆమోసు. చల్లగా ఉంటుందని.

"లెగు ముందు. అక్కణ్ణించి లెగవయ్యా."

"ఏమే? ముద్ద నోట్లో ఉంది."

"లోపల బూడిద మూడొందలకి దగ్గరగా ఉంది. నేను లెక్కేశా. తలుపు తీస్తే నీళ్ళలా కారుద్ది. మీద పడితే..." 

బసవయ్య వేళ్ళు నాక్కుంటూ, "మూడొందలా? కిలో ఎంతక్కా?" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు.

ఆమోసు నవ్వలేదు. మొహం బిగుసుకుంది. నలుగురి ముందూ పెళ్ళాం వచ్చి లెగమంది. అది ఒకటి. రెండోది అంతకంటే లోతుగా తగిలింది. చెయ్యి వెనక్కి పెట్టి రేకుని తట్టాడు. "చూడు. నువ్వే పెట్టి చూడు. చల్లగా లేదా? పదహారేళ్ళ చెయ్యి ఇది. ఇంజినీర్లొచ్చి అడుగుతారు, ఆమోసూ చెయ్యి పెట్టవయ్యా అని. రెండు నెలలు పుస్తకం తిప్పి నా చెయ్యి తప్పంటన్నావా?"

"చెయ్యి తప్పు కాదయ్యా. రేకు ఇనుము. మూడు రోజులు నీళ్ళు కొడితే ఇనుము చల్లబడుద్ది. బూడిద చల్లబడదు. అందులో కాలని బొగ్గు పొడి ఉంది, అది లోపల్లోపల రగులుతానే ఉంది. కాగితం మాడింది. ఇదిగో చూడు!"

"ఏంటి గొడవ?" వెనక నుంచి రామకోటేశ్వరరావు గొంతు. పొట్టి మనిషి, మెడలో విజిలు. "ఓహో, శౌరమ్మా! టెన్త్ అప్పుడే పాసైపోయావా? స్వీట్లేవి?"

"సార్, వేడి ఎక్కువుందండి లోపల. శాంపిల్ తీసి చూశానండి."

"మీటరు ఎంత చూపిస్తంది?"

"యాభై ఎనిమిదండి. కానీ..."

"రిజిస్టర్లో ఎంత రాశావు?"

శౌరమ్మ మాడిన కాగితాన్ని గుప్పిట్లో దాచుకుంది.

"నీ చేత్తో నువ్వే రాశావు గదా. యాభై ఎనిమిదని. మరి ఇప్పుడు ఏది అబద్ధం? రిజిస్టరా, నువ్వా?" ఆయన అరవలేదు. అరవకపోవడమే భయపెట్టింది. "సాయంత్రానికి హాపర్ ఖాళీ అవ్వాలి. రేపు పొద్దున యూనిట్ లేవాలి. లేవకపోతే మేనేజరు తిరుపతిరావు గారు నన్నడుగుతారు. నేను ఎవరి గేటు పాసు వెనక్కి అడగాలో నాకు తెలుసు. వెళ్ళు, ల్యాబుకి వెళ్ళు."

ఆమోసు తల వంచుకుని చేతులు కడుక్కుంటున్నాడు.

ఆమె తిరిగి నడిచింది.  ల్యాబులో రిజిస్టరు తెరిచింది. ఆరో నంబరు. నిన్న యాభై ఎనిమిది. మొన్న యాభై ఎనిమిది. సోమవారం, యూనిట్ నడుస్తూ పొగ ఎగదన్నుతున్నప్పుడు, యాభై ఎనిమిది. తొమ్మిది రోజులు. ఇరవై ఏడు షిఫ్టులు. బాయిలర్ నడిచినా ఆగినా వేడి ఒక్క డిగ్రీ కదలలేదు. మీటరు ఎప్పుడో చచ్చిపోయింది. దాని శవాన్ని రోజుకి మూడుసార్లు చీటీ మీద మోసుకొచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఆమె ఎక్కించింది.

*

షిఫ్టు ఇంజినీరు పవన్‌కుమార్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని తేలికయ్యేది. ముప్పై దాటని మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు, పైవాళ్ళు చూపించిన చోట సంతకం పెడతాడు. కంట్రోల్ రూమ్ ఏసీ చలిలో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పర్మిట్ పుస్తకం తెరిచి ఉంది. శౌరమ్మ తలకిందులుగానే చదివింది. హాపర్ 6. లోపలి వేడి 58. పని చేయవచ్చు. సమయం 2.00. కింద పొట్టి సంతకం. ఇంకు ఆరిపోయింది.

చెప్పేద్దామని వచ్చింది. ఆ సంతకం చూశాక ఆగింది. హెల్పరు మాట మీద ఇంజినీరు తన సంతకం కొట్టేయడు. ఆ మాట వినకముందే "సరే, నేను చూస్తా" అంటాడు. చూడటం అయ్యేలోపు మూడవుతుంది.

"ఏమ్మా?"

"సార్..." నోటుబుక్కు గుండెకి ఆనించుకుంది. "పరీక్ష ఉందండి. ఒక లెక్క రావట్లేదు. సుస్మిత మేడమ్ లేరు. మీరు బాగా చెబుతారని..."

పవన్‌కుమార్ మొహం విచ్చుకుంది. పొద్దుటి నుంచీ ఫోన్లలో తిట్లే తింటున్నాడు. "ఇప్పుడా? సరే, చెప్పు. త్వరగా."

"కిలో బూడిదండి. అయిదు లీటర్ల నీళ్ళలో వేశారు. నీళ్ళు ముప్పై ఒకటి నుంచి నలభై ఒకటికి లేచినయ్యి. బూడిద ముందెంత వేడుంది అని."

"ఓహ్, మిశ్రమాల పద్ధతి!" తెల్ల కాగితం లాక్కున్నాడు. "ఇది నిద్రలో లేపినా చేస్తా. నువ్వెంత తెచ్చావు?"

"రెండొందల తొంభై ఒకటండి."

"బూడిదది పాయింట్ రెండు వేశావా? గుడ్. నీళ్ళకి వచ్చింది యాభై వేలు. అయితే దేంట్లో పోశారు నీళ్ళు?"

"స్టీలు గిన్నెండి."

"బరువు?"

"కిలో."

"అదీ! చూశావా?" పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "గిన్నె కూడా వేడి తాగుతుందమ్మా. దాన్ని మర్చిపోతే మార్కులు పోతాయి. వెయ్యి గ్రాములు, పాయింట్ ఒకటి ఒకటి, పది డిగ్రీలు. పదకొండు వందలు. మొత్తం యాభై ఒక్క వేల నూరు. రెండొందలతో భాగిస్తే... రెండొందల యాభై అయిదున్నర. నలభై ఒకటి కలుపు. రెండొందల తొంభై ఆరున్నర." కింద రెండు గీతలు గీశాడు. "వేసేటప్పుడు కొన్ని నీళ్ళు ఆవిరై పోతాయి గదా, నిజానికి ఇంకా ఎక్కువే ఉంటుంది." ఏ లెక్క చేసినా చివర పొట్టి సంతకం పెట్టి, తేదీ, సమయం వేయడం ఆయనకి ఇంజినీరింగ్ కాలేజీ నుంచీ అలవాటు. వేశాడు. 2.35. "అర్థమైందా?"

శౌరమ్మ కాగితం తీసుకుంది. ఆరేళ్ళ పిల్ల కొత్త పుస్తకానికి అట్ట వేసేంత జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది.

"అది ఆరో నంబరు హాపర్‌లో బూడిదండి. పన్నెండింటికి నేనే తీశాను."

పెన్ను బల్ల మీద దొర్లింది.

పవన్‌కుమార్ కంప్యూటరు తెర వైపు చూశాడు. యాభై ఎనిమిది. మళ్ళీ ఆమె వైపు చూశాడు. "మీటరు..."

"తొమ్మిది రోజుల నుంచీ అదేనండి. యూనిట్ నడిచేటప్పుడు కూడా. రిజిస్టర్లో ఉంది. రాసింది నేనే."

 ఆయన చెయ్యి ఫోను మీదకి పోయింది. తిరుపతిరావు గారు మీటింగులో ఉన్నారన్నారు. ఫోను పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. పెట్టేశాడు. "మూడింటికి గదా. టైముంది. సార్ మీటింగు నుంచి రాగానే... నువ్వు కూర్చో. ఎవరితోనూ అనకు. ఆ కాగితం ఇటివ్వు."

"మూడింటిదాకా ఆగరండి. బోల్టులు ముందే వదులు చేస్తారు."

"కాగితం ఇవ్వమ్మా."

"పరీక్షకండీ," అంది శౌరమ్మ. అప్పటికే తలుపు తోస్తోంది.

*

"...ఏడు... ఎనిమిది..."

ఆమోసు గొంతు దూరం నుంచే వినిపించింది. శౌరమ్మ పరుగెత్తింది. తడి గచ్చు మీద చెప్పు జారి మోకాలు కొట్టుకుంది. లేచింది.

"...తొమ్మిది... పది." ఆమోసు చెయ్యి తీసి, అందరికీ కనిపించేలా ఎత్తి చూపించాడు. చేతి మీద ఎర్రదనం కూడా లేదు. రామకోటేశ్వరరావు విజిలు ఊదాడు. పైన అయిదు బోల్టులు అప్పటికే వదులయ్యాయి. బసవయ్య ఆరోదానికి స్పానరు తగిలించాడు.

శౌరమ్మ మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

ఎందుకలా నిలబడిందో తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి చెమటలు పట్టేవి. తలుపు చల్లగా ఉంది. జాకెట్టు తడిసింది. హాయిగా ఉంది. ఆ హాయికే ఆమె పళ్ళు టకటక కొట్టుకున్నాయి. వేలి మందం ఇనుముకి అవతల ఏముందో ఆ ఫ్లోరు మీద ఆమె ఒక్కదానికే తెలుసు. వదులైన బోల్టుల దగ్గర తలుపు అంచులోంచి బూడిద దారంలా జారి చెవి పక్క నుంచి గచ్చు మీద పడుతోంది.

"తప్పుకోవే," అన్నాడు ఆమోసు.  "శౌరీ, తప్పుకో. పరువు తియ్యకు."

"లాగెయ్యండ్రా దాన్ని," అన్నాడు రామకోటేశ్వరరావు.

ఎవరూ కదల్లేదు. ఆమె మీద చెయ్యి వెయ్యాల్సింది ఆమోసు. ఆమోసు వెయ్యలేదు.

"పవన్ సార్ లెక్కేశారు." మాటలు ముక్కలుగా వచ్చాయి. "రెండొందల తొంభై ఆరున్నర. సంతకం పెట్టారు. ఇదిగో." కాగితం విప్పి, రెండు చేతులతో పట్టుకుని, ఆయన కళ్ళకి అందేంత దూరంలో, చేతికి అందనంత దూరంలో చూపించింది.

రామకోటేశ్వరరావు వంగి చూశాడు. అంకె చూడలేదు. అంకె కిందున్న గీతల్ని చూడలేదు. కాగితం అడుగున మూలకి చూశాడు. పొట్టి సంతకం. తేదీ. రెండూ ముప్పై అయిదు.

మూడొందల డిగ్రీల బూడిద ఆయన్ని భయపెట్టలేదు. నలుగురు మనుషులు పోతారన్నది భయపెట్టలేదు. ఆ సంతకం భయపెట్టింది. లోపల ఎంత వేడుందో తెలిసి కూడా పై ఆఫీసరు కాగితం మీద రాశాక తలుపు తీస్తే, రేపు ఎంక్వయిరీలో ఆ తలుపు తీయించిన పేరు ఎవరిదవుతుందో ఆయనకి ఏ పట్టికా చూడకుండానే తెలుసు.

"నాకు చెప్పలేదేంటి సారు," అని గొణిగాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. విజిలు చేత్తో తడుముకున్నాడు. "బిగించండ్రా. బోల్టులు బిగించండి. ఎవడ్రా విప్పమంది?"

 బసవయ్య స్పానరు బిగించే వైపు తిప్పాడు.

*

శుక్రవారం తలుపు తీయలేదు. నడుము దగ్గరి కన్నంలోంచి పొడుగాటి ఇనప గొట్టం తోసి, అందరూ ఇరవై అడుగుల దూరంలో నిలబడి, కొంచెం కొంచెంగా కిందికి వదిలారు. బూడిద కింద పెట్టిన తొట్టిలోకి నిజంగానే నీళ్ళలా దూకింది. తొట్టి అంచుకి కట్టిన రబ్బరు పట్టీ బుడగలెత్తి కారిపోయింది. నిచ్చెన కింద పెట్టిన కొయ్యదిమ్మ ఎవరూ ముట్టించకుండానే నల్లబడి పొగ లేచింది. మధ్యలోంచి వచ్చిన గడ్డలు కిందపడి పగిలితే లోపల ఎర్రగా ఉన్నాయి.

ఎవరూ జోకు వెయ్యలేదు. బసవయ్య కూడా.

ఆమోసు చూసినంతసేపు చూశాడు. తర్వాత కుళాయి దగ్గరకి వెళ్ళి కుడిచెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. సాయంత్రం కొండపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ చేతిని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, అది ఎవరో తన దగ్గర దాచమని ఇచ్చిపోయిన వస్తువులా చూశాడు.

"నాకు చల్లగానే తగిలిందే," అన్నాడు.

"అవును," అంది శౌరమ్మ. "నా వీపుకి కూడా."

ఆ సాయంత్రం వాళ్ళు బస్సెక్కకముందే నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. హాపర్ మీటరు పాడైన సంగతిని షిఫ్టు ఇంజినీరు సకాలంలో గమనించి పని ఆపించినందుకు యాజమాన్యం అభినందనలు. దాని కింద ఇంకో చిన్న కాగితం. ల్యాబు హెల్పరు కె. శౌరమ్మను రేపటి నుంచి బూడిద యార్డుకు మార్చడమైనది. హాపర్ల నుంచి శాంపిళ్ళు ఇకపై పర్మినెంటు సిబ్బంది మాత్రమే తీయాలి.

తాళాలు అప్పగించడానికి వెళ్తే సుస్మిత తలెత్తలేదు. రిజిస్టరు వైపే చూస్తూ అంది. "నేను ఉండి ఉంటే ఆపేదాన్నని అనుకుంటున్నావేమో. నాకు తెలీదమ్మా. రెండొందల తొంభై వచ్చాక కూడా నేను మెయిల్ పెట్టి కూర్చునేదాన్నేమో."

శౌరమ్మ తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. అబద్ధం చెప్పనందుకు ఆ పిల్ల మీద కోపం రాలేదు.

*

శనివారం. యార్డులో నీడ లేదు. లారీల కింద పడిన బూడిదని ఆడవాళ్ళు కుప్పలు చేస్తున్నారు. శౌరమ్మ ముక్కుకి చెంగు కట్టుకుని చీపురు తోస్తోంది. పదకొండింటప్పుడు పవన్‌కుమార్ ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. బూట్లు బూడిదలో చీలమండలదాకా దిగుతున్నాయి. ఈ యార్డులోకి ఇంజినీరు నడిచి రావడం ఎవరూ చూడలేదు. ఆడవాళ్ళు చీపుర్లు ఆపారు.

శౌరమ్మ చీపురు కింద పెట్టింది. గేటు పాసు తీసుకోవడానికే వచ్చాడనుకుంది. తనదీ ఆమోసుదీ పాసులు తీసుకుంటే ఎల్లుండి నుంచి ఏమిటి? పరీక్ష ఇంకా తొమ్మిది రోజులు. ఆలోచన ఎటు పోయినా గోడకి కొట్టుకుంది.

"శౌరమ్మ గారూ," అన్నాడు పవన్‌కుమార్.

ఆ పిలుపుకి ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది.

"ఆ కాగితం... ఆ రోజు లెక్క చేసిచ్చాను గదా. అది మీ దగ్గర ఉందా?"

"ఉందండి."

"అది ఒకసారి ఇస్తే..." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "హైదరాబాదు నుంచి సేఫ్టీ వాళ్ళు వస్తున్నారు సోమవారం. పర్మిట్ మీద రెండు గంటలని ఉంది. దాని మీద రెండూ ముప్పై అయిదని ఉంది. తెలిశాక కూడా నేను ఆపమని చెప్పలేదు... మీకు తెలుసు గదా. నేనూ ఉద్యోగం చేసుకునేవాణ్ణేనండీ. మిమ్మల్ని మళ్ళీ ల్యాబుకి వేయించమని నేను చెబుతా."

అప్పుడు చూసింది ఆమె. ఆయన చేతి వేళ్ళు. పర్మిట్ల మీద సంతకాలు పెట్టే వేళ్ళు. గురువారం మధ్యాహ్నం తన పెన్ను వణికినట్టే వణుకుతున్నాయి. భయం తన దగ్గర నుంచి పోయిందని కాదు.  కానీ ఈ యార్డులో భయపడుతున్నది ఇప్పుడు తనొక్కతే కాదు.

"ప్రతి హాపర్ దగ్గరా ఒక థర్మామీటరు పెట్టించండి సార్," అంది. "తలుపు తీసే ముందు లెక్క వేసి, ఆ లెక్క గ్యాంగు వాళ్ళకి చూపించాలని రాయించండి. చెయ్యి పెట్టించడం మానిపించండి."

"చెబుతానండి. తప్పకుండా. మరి కాగితం?"

"జిరాక్సు ఇస్తానండి."

పవన్‌కుమార్ ఆమె మొహంలోకి చూశాడు. 

"ఎన్ని తీయించారు?"

శౌరమ్మ ఒక్కటి కూడా తీయించలేదు. జిరాక్సు షాపు కొండపల్లి స్టేషను రోడ్డులో ఉంది, ఆదివారం వెళ్దామనుకుంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు. చెంగు ముక్కు మీదకి సర్దుకుని చీపురు అందుకుంది.